ఎగువ అహోబిలం నుంచి ఉక్కు స్తంభానికి ఒక్కరోజు నడక: ఎనిమిది మందికి ప్లాను ఎట్లా వేసుకోవాలి

ప్రశ్న క్లుప్తంగా: కడప నుంచి ఎనిమిది మంది, డిసెంబరు చివరి ఆదివారం. తెల్లవారుజామున నాలుక్కు కార్లెక్కి ఎగువ అహోబిలం చేరి, జ్వాల, మాలోల, పావన నరసింహుల గుళ్ళు, కొండ పైన ఉక్కు స్తంభం (నరసింహుడు వెలిసిన స్తంభమని భక్తులు కొలిచే నిటారు రాయి) అన్నీ చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలని ఆలోచన. బృందంలో 62 ఏళ్ళ నాన్నగారు ఉన్నారు (మోకాళ్ళు నొప్పి, బీపీకి మాత్రలు), 11 ఏళ్ళ బాబు ఉన్నాడు. నీళ్ళు ఎన్ని, బూట్లు ఏవి, గైడు కావాలా అని అడిగారు.

ముందు పావనను ప్లానులోంచి తీసేయండి. అది వేరే దిక్కు, జీపు దారి. మరుసటి రోజు ఉదయం జీపులో పోయి వస్తే సరిపోతుంది. మిగిలిన మూడూ కూడా ఎనిమిది మందీ కలిసి చేసేవి కావు. ఉక్కు స్తంభానికి ఐదుగురు, కింద ముగ్గురు అని ముందే రెండు జట్లుగా విడిపోండి. ఈ నిర్ణయం ఇంట్లోనే జరగాలి. కొండ మొదట్లో నిలబడి "నాన్నా, నువ్వు ఇక్కడే ఆగు" అంటే ఆయన ఆగడు. ఆగినా ఆయన ఒక్కరే ఉంటారు.

మీ ప్రశ్నలో నీళ్ళ గురించి, బూట్ల గురించి ఉంది గానీ గడియారం గురించి లేదు. ఈ దారిలో ఇబ్బంది పడేవాళ్ళలో ఎక్కువమంది ఎక్కలేక కాదు, దిగడానికి వెలుతురు చాలక ఇబ్బంది పడతారు. అందుకే ప్లాను పొద్దున్నుంచి ముందుకు కాదు, సాయంత్రం నుంచి వెనక్కి వేసుకోవాలి.

డిసెంబరు చివర్లో అక్కడ సూర్యోదయం దాదాపు 6:35కు, అస్తమయం 5:45 ప్రాంతంలో. కానీ భవనాశి వంక రెండు ఎత్తైన గట్ల మధ్య కోనలో పారుతుంది. పడమటి గట్టు ఎండను ముందే మింగేస్తుంది, చెట్ల కింద అయిదింటికే రాళ్ళ మధ్య సందులు కనపడవు. కాబట్టి నాలుగింటికల్లా ఎగువ అహోబిలం గుడి దగ్గరికి వచ్చేయాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కవేయండి. ఉక్కు స్తంభం దారి చీలే చోటు నుంచి గుడికి అలసిన కాళ్ళతో రెండు గంటలు, అంటే రెండింటికి ఆ చీలిక దగ్గర ఉండాలి. పైనుంచి చీలికకు దిగడానికి మరో రెండు గంటలు, అంటే పన్నెండింటికి పైన దిగడం మొదలుపెట్టాలి. 12:00 మీ గీత. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా, ఇంకో పావుగంటే అని ఎవరన్నా, పన్నెండు కొట్టగానే ఎక్కడున్నవాళ్ళు అక్కడి నుంచి వెనక్కి తిరగాలి.

ఇప్పుడు ముందుకు చూడండి. 6:30కు గుడి దగ్గర బయలుదేరితే 8:45కు చీలిక, 10:45 – 11:00కు పైన. గీతకు గంట ముందు. ఆ గంట మీ సొంతం కాదు, ఎవరికైనా మడమ బెణికితేనో, పైనుంచి దిగుతున్న జనం దారి ఇవ్వకపోతేనో ఖర్చు పెట్టడానికి ఉంచుకున్న గంట. కడపలో నాలుక్కు బయలుదేరితే మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ మీదుగా రెండు గంటలకు పైగానే పడుతుంది. పార్కింగు, టిఫిను కలిపితే నడక మొదలయ్యేది ఏడున్నరకు. గంట అక్కడే పోయింది. ముందు రోజు సాయంత్రమే వచ్చి దిగువ అహోబిలంలో పడుకోండి. దిగువ నుంచి ఎగువకు ఎనిమిది కిలోమీటర్లే. మరీ చీకటితో మాత్రం అడవిలో అడుగు పెట్టకండి. ఎలుగుబంట్లు తిరిగే వేళ అది.

ఆదివారం వద్దు, శనివారం అసలే వద్దు. పంచాంగం చూసి స్వాతి నక్షత్రం రోజును కూడా తప్పించండి. నరసింహుడి నక్షత్రం కాబట్టి ఆ రోజు జనం బాగా వస్తారు. భక్తుల మీద ఫిర్యాదు కాదు ఇది. ఉక్కు స్తంభం కింద నిటారు ఇరుకులో మీ పైన నలభైమంది ఉంటే, నలభై జతల కాళ్ళు రాళ్ళను మీ మీదికి దొర్లిస్తాయి. మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా చూసుకోండి.

దూరాన్ని చూసి మోసపోవద్దు. గుడి నుంచి జ్వాలకు నాలుగు కిలోమీటర్లంటారు, ఉక్కు స్తంభంతో కలిపి రానూపోనూ పన్నెండు దాకా వేసుకోండి. కడపలో రోజూ పొద్దున ఆరు కిలోమీటర్లు నడిచేవాళ్ళకు ఇదేం లెక్క అనిపిస్తుంది. కొండ నడకకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు ఆయన చెప్పిన సూత్రం ఒకటి ఉంది: చదునుకు గంటకు ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట. ఆ లెక్కన ఆరు కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అయితే 2 గంటల 12 నిమిషాలు. అది మంచి బాట మీద, గట్టి మనిషికి, ఆగకుండా నడిస్తే. భవనాశి పక్కన బాట అంటే గుండ్ల మీద అడుగులు వేయడమే, ఒకే వంకను మళ్ళీ మళ్ళీ దాటడమే. ఇక్కడ ఆ లెక్కను రెండింతలు చేసుకోండి. దిగేటప్పుడు వేగంగా వచ్చేస్తామనే ఆశ కూడా వదిలేయండి. నిటారు భాగంలో దిగడానికీ ఎక్కినంత సేపే పడుతుంది.

గైడు కావాలి. ఇందులో రెండో మాట లేదు. గుడి దగ్గర స్థానికులు దొరుకుతారు. ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకుని, కూలి ఎంతో, ఎక్కడిదాకా వస్తాడో తేల్చుకోండి. "జ్వాల దాకా" అని ఒప్పుకుని చీలిక దగ్గర కొత్త రేటు చెప్పే గొడవ అప్పుడు ఉండదు. పన్నెండు గంటల గీత సంగతి గైడుకు కూడా ముందే చెప్పండి. లేకపోతే మీ సరదా చూసి ఆయన కూడా ఒప్పుకుంటాడు. అదే సాయంత్రం అటవీశాఖ వాళ్ళ దగ్గర రెండు విషయాలు కనుక్కోండి: ఉక్కు స్తంభం దారి ఆ వారం తెరిచి ఉందా, పొద్దున ఎన్నింటికి లోపలికి వదులుతారు. వాన పడినా, పులి జాడ కనిపించినా దారి మూసేస్తారు. ఇది నల్లమల, పులులున్న అడవి. దారి మూస్తే జ్వాల, మాలోల చూసుకుని రండి, పక్కదారుల కోసం వెతకొద్దు. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో తిరగడం నేరం. ఎర్రచందనం దొంగల కోసం నిఘా పెట్టిన అడవుల్లో బాట వదిలి తిరిగే మనుషుల్ని ఎవరూ యాత్రికులనుకోరు.

జిల్లా పేరు విషయంలో ఒక చిన్న సంగతి. 2022 ఏప్రిల్ నుంచి అహోబిలం నంద్యాల జిల్లాలో ఉంది. ఆపద వచ్చి ఫోను చేస్తే కర్నూలు జిల్లా అని చెప్పకండి. నంద్యాల జిల్లా, ఆళ్లగడ్డ మండలం, ఎగువ అహోబిలం అని చెప్పండి.

ఇక కింది జట్టు. నాన్నగారు, బాబు, వాళ్ళతో పెద్దవాళ్ళు ఒకరు. వీలైతే ఇద్దరు, అప్పుడు పైకి నలుగురే పోతారు. వరాహ నరసింహుడి గుడి ఎగువ అహోబిలం నుంచి దాదాపు కిలోమీటరు. నాన్నగారి మోకాళ్ళకు అదే పరీక్ష. అక్కడ పావుగంట కూర్చుని లేచాక మెట్టు దిగుతుంటే నొప్పి పెడుతోందంటే వెనక్కే. బాగుందంటే మాలోలకు పోవచ్చు, గుడి నుంచి రెండు కిలోమీటర్ల లోపే. జ్వాలే చూడాలని ఆయన పట్టుబడితే డోలీ మాట్లాడుకోండి, మోసేవాళ్ళు ఎగువలోనే ఉంటారు. డోలీ ఎక్కడం నామోషీ అనుకునే వయసే ఆయనది, అయినా అడిగి చూడండి. బీపీ మాత్రలు పొద్దున టిఫినుతో వేసుకోవాలి. ఆ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించే రకం ఉంటే నీళ్ళు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టర్ని అడిగే బయలుదేరండి.

కింది జట్టు పై జట్టు కోసం అడవిలో ఎదురుచూడకూడదు. రెండూ వేర్వేరుగా తిరిగి రావాలి. "జ్వాల దగ్గర కలుద్దాం" అనుకుంటే ఒక జట్టు ఆలస్యం రెండో జట్టును కూడా చీకట్లో పడేస్తుంది. లోపల ఫోన్లు పలకవు. కాబట్టి గుడి దగ్గర నాలుగున్నరకు కలవడం అని పెట్టుకోండి. ఆ వేళకు పై జట్టు రాకపోతే కింద ఉన్నవాళ్ళు వెతకడానికి వెళ్ళకుండా గుడి దగ్గరి స్థానికులకు, అటవీశాఖకు చెప్పాలి.

పదకొండేళ్ళ బాబు జ్వాల దాకా హాయిగా నడుస్తాడు, నాన్నగారికంటే ముందే చేరతాడు. కానీ పైకి వద్దు. నిటారు భాగంలో రాళ్ళ మధ్య అంగలు పెద్దవాళ్ళ కాళ్ళకు సరిపోయేవి, పిల్లలకు అందవు. ఎక్కేటప్పుడు ఎగిరి అందుకుంటారు, దిగేటప్పుడు కాలు గాలిలో వేలాడుతుంది.

ఆ నిటారు భాగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నల్లమల రాయి ఎక్కువగా క్వార్ట్‌జైటు. గట్టి రాయే, కానీ పలకలుగా, పదునైన అంచులతో విరుగుతుంది. విరిగిన ముక్కలు ఇరుకులో ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. పైకి కదలనట్టు కనిపించే రాయి కాలు పెట్టగానే ఊగుతుంది. అందుకే ప్రతి రాయి మీదా ముందు కాలు ఆనించి చూసి, తర్వాతే బరువు వేయండి. రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్ళూ ఒక చేయీ, ఎప్పుడూ మూడు ఆనుకుని ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. పట్టుకునేది రాయినే. గడ్డి, వేర్లు, ఎండు కొమ్మలు చేతికి ఇట్టే అందుతాయి, ఊడి వచ్చేవీ అవే.

ఒకరి నెత్తిన ఒకరు ఎక్కవద్దు. ఇరుకు చోట ఒకరు దాటి పక్కకు జరిగాక రెండోవాళ్ళు మొదలుపెట్టాలి. రాయి జారితే "రాయి!" అని గట్టిగా అరవాలి, చిన్న గులకరాయైనా సరే. కింద ఉన్నవాళ్ళు తలెత్తి చూడకుండా గోడకు అతుక్కోవాలి. చేతికర్ర కోన నడకలో, వంక దాటడంలో బంగారం లాంటిది, కానీ చేతులతో పాకే చోట అడ్డం. అక్కడ దాన్ని సంచికి కట్టేయండి, లేదా కింద ఒక చెట్టుకు ఆనించి పోండి. దిగేటప్పుడు బాగా నిటారుగా ఉన్న చోట రాయి వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగండి. కూర్చుని జారితే ప్యాంటు చిరగడం సంగతి పక్కన పెడితే, వేగం మీ చేతిలో ఉండదు. పైన చోటు తక్కువ, గాలి ఎక్కువ. ఇద్దరు ముగ్గురుగా వెళ్ళి దండం పెట్టుకుని దిగండి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగేయడం అక్కడ పనికిరాదు. పావుగంట చాలు.

బూట్లు కొత్తవి వద్దు. కనీసం ముప్పై, నలభై కిలోమీటర్లు నడిచి పాదానికి అలవాటుపడినవి, అడుగున లోతైన గాళ్ళున్నవి కావాలి. జిమ్ములో వేసుకునే మెత్తని నున్నటి బూట్లు తడిరాయి మీద నిలవవు. జ్వాల గుహ ముందు పైనుంచి నీటి ధార పడుతుంటుంది, వాన లేకపోయినా ఆ రాయి తడిగానే ఉంటుంది. అక్కడ పడేవాళ్ళు తల కాదు, మణికట్టు విరగ్గొట్టుకుంటారు, చేయి ఆనించి పడతారు కాబట్టి. ముందు రోజు కాలిగోళ్ళు కత్తిరించుకోండి. దిగే ముందు బూటు తాడు మడమ దగ్గర బిగించి కట్టండి. లేకపోతే గంటసేపు బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. ఒక జత సాక్సు అదనంగా పెట్టుకోండి. భక్తితో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ అరికాళ్ళు వేరు, మనవి వేరు.

నీళ్ళు: డిసెంబరులో పైకి పోయే ఒక్కొక్కరికి నాలుగు లీటర్లు, కింది జట్టుకు రెండున్నర, బాబుకు రెండు. నడకలో గంటకు 400 మిల్లీలీటర్ల దాకా పోతుంది. ఎనిమిది గంటలకు 3.2 లీటర్లు, మిగతాది పుండు కడగడానికి, ఆలస్యానికి. ఫిబ్రవరి దాటాక అయితే ఐదు లీటర్లు కావాలి. నిజానికి అప్పుడు ఉక్కు స్తంభం జోలికి పోకుండా ఉండటం నయం. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోల బరువు కాబట్టి సగం నీళ్ళు చీలిక దగ్గర పొదలో దాచి పోదాం అని ఒక తెలివి తడుతుంది. కోతులకు కూడా ఆ తెలివి ఉంది, బాటిలు కొరికేస్తాయి. వంక నీళ్ళు తేటగా కనిపించినా అట్లాగే తాగకండి. ఎగువన మనుషులున్నారు, జంతువులున్నాయి. తప్పనిసరైతే గుడ్డతో వడగట్టి, క్లోరిన్ మాత్ర వేసి, ప్యాకెట్టు మీద రాసినంత సేపు ఆగి తాగండి. మంట పెట్టి కాచడం మాత్రం వద్దు, చుట్టూ ఉండేది ఎండు బోదగడ్డి.

ఓఆర్ఎస్ మనిషికి ఒక పెద్ద ప్యాకెట్టు. దాన్ని పూర్తిగా ఒక లీటరులో కలపాలి. సగం ప్యాకెట్టు అరలీటరులో అని అంచనాగా వేస్తే ఉప్పు హెచ్చుతగ్గులవుతుంది. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు సమం టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెమట పడుతూ ఉత్త నీళ్ళే తాగుతుంటే మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి. అది పట్టేది ఎక్కేటప్పుడు కాదు, సరిగ్గా దిగేటప్పుడు.

తిండికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పొద్దున ఉప్మానో ఇడ్లీనో తిని, దారిలో గంటకోసారి నాలుగు చెనిక్కాయ ఉండలు, ఖర్జూరాలు. మధ్యాహ్నానికి చిత్రాన్నం, అదీ దిగి చీలిక చేరాకే. పైన కడుపునిండా తింటే దిగేటప్పుడు మత్తుగా ఉంటుంది. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది. తిండి బయట కనిపించకుండా సంచిలోనే ఉండాలి, ప్లాస్టిక్కు కవరు గలగల వినబడితే కోతులు దిగుతాయి. అవి మీదికొస్తే పళ్ళు చూపిస్తూ నవ్వకండి, సంచి లాక్కోవడానికి పెనుగులాడకండి. కోతి కరిస్తే, గీరినా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు రేబీస్ టీకా మొదలుపెట్టాలి. చిన్న సబ్బుముక్క సంచిలో ఉండాలని చెప్పేది ఇందుకే.

డిసెంబరు అంటే ఈశాన్య రుతుపవనాల చివరి భాగం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే ప్లాను వాయిదా. అమరావతి వాతావరణ కేంద్రం సూచన మూడు రోజుల ముందు నుంచీ చూడండి. గత 48 గంటల్లో వాన పడి ఉంటే ఉక్కు స్తంభం రద్దు, తడిసిన ఆ ఇరుకులోకి పోనే వద్దు. మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నా పైగట్టున కురిసిన వాన వంకలోకి గంటలోపే రావచ్చు. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలోనే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి కడపవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఈ సీజను వానలు అట్లాంటివి. వంకలో నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగు తిరిగినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా వెంటనే గట్టెక్కండి. మోకాలు దాటిన పారే నీళ్ళను దాటకండి. అవతలి ఒడ్డున ఇరుక్కుపోయినా ఫరవాలేదు, వాన ఆగితే కొండ వంకలు కొన్ని గంటల్లో తీస్తాయి.

అడవి జంతువుల భయం చాలామందికి చిరుత గురించి. ఎదురుపడితే నిజంగా ఇబ్బంది ఎలుగుబంటితో. రేగుపొదలు, చెదపుట్టలు, తేనె ఉన్న చోట్ల అది ఉంటుంది, గాలి ఎదురైతే మన వాసన దానికి అందదు. మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ పోండి, పాటలు పెట్టే స్పీకరు వద్దు. కనిపిస్తే పరుగెత్తకుండా, దానివైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి జరగండి. అంతకంటే తరచుగా ఎదురయ్యేది గట్టు అంచుకు వేలాడే పెద్ద తేనెపట్టు. దాని కింద సిగరెట్టు, సెంటు, అరుపులు మూడూ ప్రమాదమే. లేచాయంటే ముఖం తుండుగుడ్డతో కప్పుకుని అక్కడి నుంచి దూరంగా పోవడం ఒక్కటే మార్గం, నేల మీద పడుకుంటే కుడుతూనే ఉంటాయి. దూలగొండి కాయలు ఎండే కాలం కూడా ఇదే. నూగు ఒంటికి అంటితే రుద్దకుండా ప్లాస్టరు టేపు అతికించి లాగండి.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మూడూ చేయకూడదు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్రలకు గుడ్డతో వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకురావాలి. అందుకే డోలీవాళ్ళ ఫోను నంబరు ముందు రోజే తీసుకోండి, సిగ్నలు లేకపోతే గైడు గుడిదాకా పరుగెత్తి పిలుచుకొస్తాడు. పామును చంపి తేనక్కర్లేదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారుచేసిందే. కరిచిన వేళ రాసిపెట్టుకోండి. 108కి సిగ్నలు అందిన మొదటి చోటు నుంచే ఫోను చేయాలి.

మందుల సంచిలో రెండు క్రేప్ బ్యాండేజీలు, ప్లాస్టరు, పోవిడోన్ అయోడిన్, పారాసిటమాల్, సెట్రిజిన్, చిన్న పట్టకారు చాలు. టార్చి మాత్రం మనిషికొకటి, తలకు కట్టుకునేది. ఫోను టార్చితో రెండు చేతులూ వాడి దిగలేరు, పైగా ఫోను ఛార్జి అయిపోతుంది. ఫోను ఏరోప్లేన్ మోడులో పెట్టండి, సిగ్నలు లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ముందే మ్యాపు దించుకుని ప్రతి చీలిక దగ్గరా గుర్తు పెట్టుకోండి. కోనలో గట్ల మధ్య అది యాభై మీటర్లు పక్కకు చూపించినా ఆశ్చర్యపోవద్దు.

నడిచేటప్పుడు గైడు ముందు, మీలో అందరికంటే గట్టివాళ్ళు చివర. చివరివాళ్ళను దాటి ఎవరూ వెనకబడకూడదు. నెమ్మదిగా నడిచేవాళ్ళు గైడు వెనకే, రెండో స్థానంలో ఉండాలి. వాళ్ళను చివర పెడితే, ముందువాళ్ళు ఆగి సేదతీరి వాళ్ళు చేరగానే లేస్తారు, ఎక్కువ విశ్రాంతి కావలసినవాళ్ళకే విశ్రాంతి దొరకదు.

చివరిగా కార్లు. ఎనిమిది గంటలు కొండెక్కి దిగిన మనిషి అదే రాత్రి ఆళ్లగడ్డ నుంచి కడప దాకా హైవే మీద లారీల మధ్య నడపకూడదు. ఆ రాత్రి కూడా దిగువలోనే పడుకోండి. పొద్దున పావనకు జీపు మాట్లాడుకుంటే నాన్నగారు కూడా వస్తారు.